ఏనుగుల మామ్మగారి ఓటు

మనిషికి బాల్యం ఒక్కసారే వస్తుందని అందరూ అంటారు గానీ, నాకు రెండోసారి అరవై తొమ్మిదో ఏట వచ్చింది, అదీ జర్మనీలో, మ్యూనిక్ పక్కనున్న గార్చింగ్‌లో. మూడు నెలల వీసా మీద కూతురింట్లో ఉన్న ఆ రోజుల్లో నాకు చదవడం రాదు, మాట్లాడడం రాదు, రోడ్డు దాటాలంటే ఆరేళ్ల మనవరాలు చెయ్యి పట్టుకునేది. ఎర్ర దీపం ఉండగా అడుగేస్తే "నైన్, తాతా!" (అంటే 'వద్దు' అని) వీధంతా వినపడేలా కసిరేది. అంత పసితనంలో ఉన్నవాడు బుద్ధిగా ఓ మూల కూర్చోవాలి కదా. కూర్చోలేదు. సరిగ్గా అప్పుడే అమెరికా అధ్యక్ష ఎన్నికలు వచ్చిపడ్డాయి, నేను పండితుణ్ణయిపోయాను.

ఓట్లు సముద్రానికి అవతల, వాదనలన్నీ మా వీధిలో. కూరగాయల కొట్టు టర్కీ ఆయన టమాటాలు తూస్తూ, "ఇద్దరిలో ఎవరొచ్చినా వచ్చి నా కొట్టు ఊడవరు" అనేవాడు (అని మా అల్లుడు తెలుగు చేసి చెప్పేవాడు, కొంత తనే కలిపాడేమో). అల్లుడికి పోటీలో ఉన్న ఆయనా అక్కర్లేదు, ఆవిడా అక్కర్లేదు, తన కంపెనీకి పనిచ్చే అమెరికా వాళ్లు ప్రాజెక్టు ఆపకుండా ఉంటే చాలు. ఆదివారాలు మా ఇంటికి భోజనానికొచ్చే విద్యార్థుల్లో సగంమంది "ఆయన యుద్ధాలు ఆపుతానంటున్నాడు గదా" అంటే, మిగతా సగం "ఆవిడ కనీసం ఎదుటివాళ్లు చెప్పేది వింటుంది" అనేవాళ్లు. ఈలోగా గుత్తివంకాయ చల్లారిపోయేది. నేను మాత్రం పప్పులో నెయ్యి కలుపుకుంటూ, గొంతు సవరించుకుని, "నేను పద్నాలుగు ఎన్నికలు నడిపించినవాణ్ణి. ఓటరు గుమ్మంలో అడుగుపెడితే చాలు, ముఖం చూసి ఎవరికేస్తాడో చెప్పేసేవాణ్ణి. లెక్కింపుకి ముందు కలెక్టరుగారే నన్ను పక్కకి పిలిచి అడిగేవారు" అనేవాణ్ణి. వంటింట్లోంచి మా అమ్మాయి, "పోయినవారం పదకొండన్నారు నాన్నా" అనేది. ఆడపిల్లలకి తండ్రి మీద గౌరవం ఉంటుంది గానీ, జ్ఞాపకశక్తి కూడా ఉంటుంది.

ఆ విద్యార్థుల్లో ఒక వరంగల్ పిల్ల ఉండేది, మా అమ్మాయి స్నేహితురాలి చెల్లెలు. ఉంటున్న గది నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి, ఇంకొకటి దొరకడం లేదు. గది లేకపోతే అన్మెల్డుంగ్ లేదు, అంటే 'నేను ఫలానా ఇంట్లో ఉంటున్నాను' అని ఊరి ఆఫీసులో రాయించుకోవడం. అది లేకపోతే వీసా పొడిగిస్తారో లేదోనని దాని బెంగ. పొడిగించకపోతే సగం చదువుతో పెట్టె సర్దుకోవాలి. అక్కడ గది దొరకడమంటే అచ్చం పెళ్లిచూపులే, కాఫీ మాత్రం వాళ్లిస్తారు.

"ఒక రూమ్‌కి పోతే అమెరికా ఎలక్షన్ల ఎవరు గెలవాలె అని అడిగిన్రు అంకుల్. నాకేం తెల్వదన్న. ఒపీనియన్ లేనోళ్లతోని ఉండుడు కష్టమన్నరు. ఇంకో దగ్గర నా ఒపీనియన్ చెప్పిన. అది వాళ్లకు నచ్చలే" అంది ఒకరోజు, పెరుగన్నం కెలుకుతూ.

"ఇంతకీ నీకెవరు గెలవాలని?"

"ఆవిడనే. ఒక్కసారన్న ఆ కుర్చీల ఆడామె కూసోవద్దా?"

మా కింది అంతస్తులో ఎనభై దాటిన జర్మన్ మామ్మగారు ఒక్కరే ఉండేవారు. ఆవిడ వెనకవైపు గది ఖాళీ. మంచి పిల్ల దొరికితే ఇస్తానని మా అమ్మాయితో అన్నారు. ఆదివారం మూడింటికి కాఫీకి రమ్మన్నారు. మరో ఇద్దరు కూడా చూసుకుని వెళ్లారట. ఈ పిల్లకి అదే ఆఖరి ఆశ.

నా పాండిత్యం రంగంలోకి దిగింది ఇక్కడే. ఆ దేశంలో మనం ఇంట్లో లేకపోతే పార్సిలు పక్కవాళ్లకిచ్చి పోతారు. అలా మాకిచ్చిన మామ్మగారి పార్సిలు అందించడానికి నేను కిందికి వెళ్లాను. ఆవిడ తలుపు తీశారు. ఆవిడ భుజం వెనక అద్దాల బీరువా, దాని నిండా ఏనుగులు. చెక్కవి, గాజువి, పింగాణీవి, ఊలుతో అల్లినది ఒకటి. నేను మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను (సరే, ఒక్కొక్కటే ఎక్కాను, గబగబా). అమెరికాలో ఒక పార్టీకి గాడిద, ఇంకో పార్టీకి ఏనుగు అని పేపర్లో బొమ్మ చూశాను. ఏనుగు ఆయనది. మనదేశంలో పుట్టినవాడికి ఇంకేం సాక్ష్యం కావాలి? పోలింగు కేంద్రంలో ఏ పార్టీ గుర్తూ కనపడకూడదని, గడియారం కూడా ఒకరి గుర్తే గనక, బడిగోడ మీది గడియారానికి కాగితం అంటించిన చేతులివి. అటువంటిది, ఇంట్లో బీరువా నిండా గుర్తు పెట్టుకున్నారంటే ఓటు డబ్బాలో పడిపోయినట్టే. ఆవిడ జర్మన్ అనీ, అక్కడ ఆవిడకి అసలు ఓటే లేదనీ అప్పుడు నా బుర్రకి తట్టలేదు.

"ఏనుగు పార్టీ. పక్కా. ఆయనే గెలవాలని చెప్పు, గది నీది" అన్నాను.

"గట్లెట్ల చెప్త అంకుల్? అబద్ధం గదా."

"గది కోసం ఒక్క వాక్యం. తర్వాత లోపల ఎవరికి వేసుకుంటావో నీ ఇష్టం."

పాపం, పిల్ల నన్ను నమ్మింది. పద్నాలుగు ఎన్నికలవాణ్ణి మరి.

ఆదివారం మా అమ్మాయి మనవరాల్ని ఈతకి తీసుకెళ్లాలి గనక పెద్దదిక్కుగా నేనే వెళ్లాను. "జంతికలివ్వండి, నవ్వండి, కూర్చోండి. నోరు మాత్రం విప్పకండి" అని చెప్పి మరీ పంపింది. మామ్మగారు ఆపిల్ కేకు కోసిపెట్టారు. రోజూ రెండుపూటలా కిటికీలు తెరుస్తావా, చెత్త వేరుచేస్తావా, పాటలు పెద్దగా పెడతావా అని అడిగారు. పిల్ల జర్మన్‌లో చక్కగా జవాబులు చెప్పి, నా కోసం తెలుగులో మళ్లీ చెప్పింది. అంతా సవ్యంగా జరుగుతుండగా మామ్మగారు, "ఎక్కడ చూసినా ఆ ఎన్నికల గోలే. నువ్వేమంటావు?" అన్నారు. పిల్ల నా వంక చూసింది. నేను ఏనుగుల వంక చూశాను. పిల్ల వల్లెవేసిన వాక్యం ఒప్పగించింది.

మామ్మగారు ఫోర్కు కింద పెట్టి, ఒక్క ముక్క అన్నారు. పిల్ల ముఖం తెల్లబోయింది.

"అంకుల్, 'ఎందుకు?' అని అడుగుతుంది!"

రెండో వాక్యం మేము తయారుచేసుకోలేదు. "గట్టి మనిషి అను, యుద్ధాలు ఆపుతాడను" అని నేను గొణుగుతుంటే, "ఆయనేమంటున్నారు?" అని మామ్మగారు. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్కసారిగా జర్మన్‌లో ఏదో గడగడా చెప్పేసింది. అందులో నాకర్థమైంది 'అంకుల్' ఒక్కటే. అది చాలు.

మామ్మగారు బీరువా వైపు తిరిగారు. వాళ్లాయన జంతు ప్రదర్శనశాలలో ఏనుగులు కడిగే ఉద్యోగం చేసేవాడట. పెళ్లిరోజు వచ్చినప్పుడల్లా ఒక బొమ్మ తెచ్చేవాడట. "మా ఆయన ఏనుగులకి ఓటెయ్యలేదు, స్నానం చేయించాడు" అన్నారు. తర్వాత నన్ను చూపించి, "ఈయన నిజంగా పద్నాలుగు ఎన్నికలు నడిపించారా? ఏం పని చేసేవారు?" అని అడిగారు.

ఆ చూపు ముందు అబద్ధం నిలబడలేదు. "ఒక్క ఎన్నికేనని చెప్పమ్మా. వేలికి సిరా పెట్టే పని. ఎడమచేతికి పెట్టాల్సింది, మొదటి నలభైమందికి కుడిచేతికి పెట్టాను."

"ఒక్కటేనా అంకుల్?"

"ఒక్కటే. ముందు ఆవిడకి చెప్పు." (పక్కకి పిలిచింది కూడా కలెక్టరుగారు కాదు, తహసీల్దారు. ఆ కుడిచేతుల సంగతి అడగడానికే.)

మామ్మగారు నవ్వలేదు. పిల్లని, "నీ సొంత మాట చెప్పు" అన్నారు. అది చెప్పింది, కుర్చీతో సహా. మామ్మగారు విని, "నా చిన్నప్పుడు మా ఊళ్లో ఒక అమెరికా సైనికుడు నాకు చాక్లెట్టు ఇచ్చాడు. అప్పట్నుంచి అక్కడ ఎవరు గెలుస్తారోనని రేడియో వింటూనే ఉన్నాను. మళ్లీ ఎవరూ ఇవ్వలేదు" అన్నారు. గది సంగతి బుధవారం చెబుతానన్నారు. జంతికలు మాత్రం ఉంచుకున్నారు.

బుధవారం తెల్లారేసరికి లోకమంతా ఒక ఫలితం కోసం చూస్తుంటే మేము ఇంకొక దాని కోసం చూశాం. అల్లుడు టీవీ ముందు, పిల్ల మా సోఫాలో గోళ్లు కొరుకుతూ, నేను తలుపు దగ్గర. టీవీలో ఎవరు ఎన్ని గెలుచుకున్నారో నాకు తెలీదు గానీ, మెట్ల మీద అడుగులు మాత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. గంట మోగింది. మామ్మగారు ఆయాసపడుతూ, పిల్ల చేతిలో తాళంచెవి పెట్టి, "నువ్వు గెలవాలన్న ఆవిడ ఓడిపోయిందట పాపం. గదైనా తీసుకో" అన్నారు. పిల్ల ఆవిణ్ణి కావలించుకుని ఏడ్చేసింది. నేను వెనక్కి జారుకోబోతుంటే ఆవిడ నావైపు వేలు చూపించి ఇంకేదో అన్నారు. పిల్ల ఏడుపులోంచి నవ్వుతూ, "ఒక్క షరతు అంకుల్. మీరు ఉన్నన్ని రోజులు మంగళవారం మంగళవారం వచ్చి ఏనుగులను తుడవాలెనట" అంది.

తుడిచాను. మెత్తటి గుడ్డతో, తొండం దగ్గర్నుంచి తోక దాకా, మొత్తం నలభై ఒకటి. ఒక్కొక్కదాని పాదం కింద ఆయన చేత్తో రాసిన సంవత్సరం ఉండేది. ఆఖరి చిన్నదాని కింద ఏమీ లేదు. ఆయన పోయాక ఆవిడే కొనుక్కున్నారట. నాలుగు మంగళవారాలూ ఆవిడ జర్మన్‌లోనూ నేను తెలుగులోనూ మాట్లాడుకున్నాం. ఇద్దరికీ ఏమీ అర్థం కాలేదు, ఇద్దరం తలలూపుకున్నాం.

ఆ పిల్ల ఇప్పటికీ ఆ గదిలోనే ఉంది. ఫోను చేసినప్పుడల్లా "ఏనుగుల అంకుల్ ఎట్లున్నడని మామ్మ అడుగుతుంది" అంటుంది. ఇక్కడ మా వీధి అరుగు మీద ఎవరైనా ఈసారి గెలుపెవరిదని అడిగితే, అలవాటుకొద్దీ గొంతు సవరించుకుంటాను. పద్నాలుగు అనబోతాను. అంతలో ఆ అద్దాల బీరువా గుర్తొస్తుంది. నెలరోజులు ఆ నలభై ఒక్క ముఖాలూ దగ్గర పెట్టుకుని తుడిచాను గదా, వాటిలో ఒక్కటి కూడా తను ఎవరి పక్షమో నాకు చెప్పలేదు.