ప్రార్థనలోకి వచ్చిన గువ్వ

నా చిన్నప్పుడు మా ఊరు పాలమూరు జిల్లాలో ఉండేది. ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. ఊరు అంగుళం కదలలేదు, తెలంగాణ వచ్చాక జిల్లాలే చిన్నవయ్యాయి. నల్లమల అంచున మా వాడ. వాడ చివర, అడవికి ఎదురుగా, మా ప్రార్థన గది. కూలికి పోయే మా పెద్దలే మట్టి గోడలు పెట్టి కట్టుకున్నారు. క్రిస్మస్ వస్తుందంటే ఆ గోడలకు సున్నం వేసేవాళ్ళం.

ఆ ఆదివారం సున్నం ఇంకా కొత్తది. మా సంఘ పెద్ద కళ్ళు మూసుకుని, చేతులెత్తి, పావురం వలె మా మీదికి దిగి రమ్మని పరిశుద్ధాత్మను కన్నీళ్ళతో వేడుకుంటున్నాడు. మేమంతా ఆమేన్ అంటున్నాం. అంతలో తలుపులోంచి ఏదో మోకాలెత్తున దూసుకొచ్చి, ఎదుటి గోడకు టప్పున తగిలి, మా చిన్నాయన ఒళ్ళో పడింది. ప్రార్థనలో కునుకు తీయడం ఆయన అలవాటు. ఉలిక్కిపడి, "నేను పండుకోలే, కండ్లు మూసుకున్న గంతే" అన్నాడు.

పడింది గువ్వ, అడవి పావురం. ఆకుపచ్చ రెక్కలు, పగడం లాంటి ముక్కు. కట్టెలకు అడవికి పోయినప్పుడు ఈ గువ్వలను చూసేవాళ్ళం. ఎండుటాకుల్లో రాలిన గింజలు ఏరుకుంటూ నేల మీదే తిరుగుతాయి. లేస్తే చెట్ల మొదళ్ళ మధ్య నుంచి బాణంలా పోతాయి. తెల్ల గోడను వెలుతురనుకుని వచ్చిందేమో. అప్పుడు మాత్రం ఆ ఆలోచన ఎవరికీ రాలేదు. అడిగిన వెంటనే దేవుడు పలికాడని సగం మంది ఏడ్చారు.

"ఇంతమందిల నా ఒళ్లెనే పడ్డది, చూసిన్రా" అని చిన్నాయన మీసం దువ్వాడు.

"నిద్రపోయేటోన్ని లేపనీకె వచ్చింది" అంది మా అవ్వ.

గువ్వను పోనివ్వొద్దని సంఘ పెద్ద చెప్పాడు. పంజరం చేయించి గదిలోనే ఉంచుదాం, పక్క ఊళ్ళ సంఘాలను కూడా పిలుద్దాం అన్నాడు. అంతవరకు దాన్ని గంప కింద పెట్టి, నన్ను కాపలా ఉంచారు. గంప సందులోంచి చూస్తే అది ఒక పక్కకు ఒదిగి, ముక్కు తెరిచి రొప్పుతోంది. జొన్నలు వేసినా ముట్టలేదు. చచ్చిపోతుందేమోనని ఒక భయం. వదిలితే పోతుందని ఇంకో భయం. అది పోతే దేవుడు మా వాడను విడిచి పోతాడని నేను గట్టిగా నమ్మాను. రెండు చేతులూ గంప మీద పెట్టి కూర్చున్నాను.

అవ్వ వచ్చి నా పక్కన కూర్చుంది. కాసేపు గువ్వను చూసి, సంఘ పెద్దను అడిగింది.

"అయ్యా, గిది దేవుడు పంపిన పిట్టనే గదా?"

"గంతే గద పెద్దమ్మా."

"మరి దేవుడు ఉండుమంటే అదే ఉంటది. గంపెందుకు?"

ఆయన నవ్వేశాడు. మంచి మనిషి. "తియ్యి బిడ్డా" అన్నాడు నాతో. నాకు చేతులు రాలేదు. అవ్వ తన చేతులు నా చేతుల మీద పెట్టింది. ఇద్దరం కలిసి గంప ఎత్తాం.

గువ్వ చాలాసేపు కదలలేదు. తర్వాత ఒక్కొక్క జొన్న గింజే ఏరుకుని తిన్నది. సంఘమంతా చూస్తుండగా, భోజనం ముగించిన చుట్టంలా తీరిగ్గా నడుచుకుంటూ గడప దాటి, వాకిట్లో విడిచిన చెప్పుల మధ్య నుంచి తుప్పల్లోకి వెళ్ళిపోయింది. రెక్క కూడా విప్పలేదు.

నాకు ఏడుపొచ్చింది. "దేవుడు పోయిండా అవ్వా?"

"పోయింది పిట్ట బిడ్డా. దేవుడు ఏడికి పోతడు? మీ చిన్నాయనను జూడు, పిట్ట పోయినా నిద్రపోలే."

అందరూ నవ్వారు, చిన్నాయన కూడా. ఆ నవ్వుతోనే ప్రార్థన మళ్ళీ మొదలైంది.

నాకూ ఇప్పుడు అవ్వ వయసు వచ్చింది. దేవుడు పంపినవెన్నో నా దగ్గరికి వచ్చాయి, కొన్ని నడిచి వెళ్ళిపోయాయి. వాటితో పాటు ఆయన కూడా పోయాడని నేను ఎన్నడూ అనుకోలేదు. అయినా దేన్నైనా వదలాల్సి వచ్చినప్పుడు నా చేతులు ఇప్పటికీ బిగుసుకుంటాయి. అప్పుడు వాటి మీద మా అవ్వ చేతులు తగులుతాయి, మట్టి పనికి గరుకెక్కినవి, వెచ్చగా. మెల్లగా గంప ఎత్తుతాను.