మూగ మెట్ల పాట

పియానోలో నడిమి తరగతికి వచ్చిన మా మనవరాలు నిన్న ఫోనులో పాటలు వినిపించి, "అమ్మమ్మా, వీటిలో ఏది నేర్చుకోను?" అని అడిగింది. నాకు సంగీతం రాదు. కానీ పాట ఎంచుకోవడం ఎంత పెద్ద సంగతో 1960లలోనే మా ఊరు వాకాడులో మా అక్క దగ్గర చూశాను.

ఊరు వదిలిపోతున్న ఒక దొర దగ్గర మా తాత కొన్న పియానో మాది. సముద్రపు గాలికి దాని మెట్లు బిగుసుకునేవి. ఒక వానాకాలం నాయనమ్మ జాలిపడి, బండి ఇరుసుకు పోసినట్టే దానికీ ఆముదం పోసింది. "కిర్రుమనే బండికి పనిచేసేది దీనికి చెయ్యదా ఏంది?" అని ఆమె వాదన. అంతే, నడిమధ్య మెట్లు కొన్ని మూగబోయాయి. నొక్కితే దిగేవి గానీ పలికేవి కావు.

అక్కకు నేర్పేది ఆస్పత్రి డాక్టరమ్మ గారు. మద్రాసులో జరిగే పియానో పరీక్ష తప్పితే పియానో అమ్మేస్తానని నాన్న తేల్చి చెప్పేశారు. ఆ పరీక్షలో వాయించడానికి ఒకటి ఎంచుకోమని డాక్టరమ్మ గారు రెండు పాటలు తెచ్చారు. చలాకీగా సాగే మొదటిది మూగ మెట్ల జోలికే పోదు. ఎవరో జర్మనీ ఆయన కట్టిన నెమ్మది పాట రెండోది, దాన్నిండా ఆ మెట్లే. "మొదటిది తీసుకోమ్మా. వినపడనిదాన్ని ఎట్లా దిద్దుకుంటావు?" అన్నారామె. అక్క రెండో పాట కాగితం మీది స్వరాల చుక్కలకేసి చాలాసేపు చూసి, "ఇదే కావాల డాక్టరమ్మగారూ. ఆడ ఏముండాదో నాకు తెలవాల" అంది. మొండిఘటం!

ఇక చూడాలి మా తిప్పలు. ఆ పాట పళ్లూడినవాళ్లు మాట్లాడినట్టు వినిపించేది. నాయనమ్మ ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి తప్పుకునేది. అక్క మాత్రం పలికే మెట్టును ఎంత మెత్తగా నొక్కేదో, పలకనిదాన్నీ అంతే మెత్తగా నొక్కేది.

మద్రాసుకు నేనూ వెళ్లాను. అక్క అక్కడి పియానో మీద మొదలుపెట్టింది. మూగ మెట్టు రాగానే నేను అలవాటుగా నిశ్శబ్దం కోసం చూశాను. అది పలికింది! అబ్బ! అక్క చేతులు ఆగిపోయాయి. అయిపోయింది, పియానో పోయినట్టే అనుకున్నాను.

"ఏమైందమ్మా?" అన్నారు పరీక్ష పెట్టే పెద్దాయన.

"ఈ మెట్లు మా ఇంట్లో పలకవు సార్. ఇప్పుడే మొదటిసారి వింటా ఉండా. మళ్లా మొదట్నించీ వాయించనా?"

ఆయన కళ్లద్దాలు తీసి తలూపారు. రెండోసారి అక్క ఆగలేదు. కళ్లు తుడుచుకోనూ లేదు.

పియానో మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆ మెట్లు ఎన్నటికీ బాగుపడలేదు. కానీ ఆ పైన అక్క ఆ పాట ఎప్పుడు వాయించినా నాకు ఖాళీలు వినపడలేదు. అక్క పోయి చాలా ఏళ్లయింది, పాట మాత్రం ఇప్పటికీ నిండుగానే వినిపిస్తోంది.