ఎంజైమ్ లేనిచోట కూడా పడిన గీత

నారాయణగూడలో మా ల్యాబు. నేనుండేది అశోక్ నగర్ హాస్టల్లో. గ్రూప్స్‌కు చదివే రూమ్మేట్లు నా పనేంటని అడిగితే ఇంతే చెప్పేదాన్ని: రక్తనాళాలు బిగుసుకోకుండా నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేసే ఎంజైమ్ ఒకటుంది, దాన్ని యాంటీబాడీతో పట్టుకుంటాం. యాంటీబాడీ వెళ్లి ఆ ఎంజైమ్‌కే అతుక్కోవాలి. అప్పుడు ఎక్స్‌రే ఫిల్ము మీద, ఆ ఎంజైమ్ ఉన్నచోట, నల్లటి గీత పడుతుంది.

మా గైడు గారికి గీత పడితే చాలు, దేనివల్ల పడిందన్న పట్టింపు లేదు. షుగరున్న ఎలుకల్లో గీత పలచబడిందని పేపరు కూడా రాసేసుకున్నారు. నాకే అనుమానమొచ్చి, ఆ ఎంజైమ్‌ను అసలు తయారుచేయని కణాలను కూడా పక్కన పెట్టి చూశాను. అక్కడా గీత పడింది. అదే ఎత్తులో, ఇంకాస్త నల్లగా. ఆ ఫిల్ము తీసుకెళ్లి గైడు గారి ముందు పెట్టాను.

"ఏందమ్మా ఇది?"

"ఎంజైమ్ లేని కణాలు సార్. యాంటీబాడీ ఇంకేదో ప్రొటీన్‌ను పట్టుకుంటున్నది."

ఆయన కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు. "అన్నిటికీ గిట్ల అనుమానపడితే పీహెచ్‌డీ అయితదా? ఆ వరస కత్తిరించెయ్."

కత్తిరించలేదు. అలాగని నోరూ తెరవలేదు. ఫిల్మును ఫైల్లో దాచుకుని, నెలల తరబడి "గుడ్ మార్నింగ్ సార్" అంటూ తిరిగాను. ఆ రోజులు తలుచుకుంటే ఆయన మీదకన్నా నా మీదే ఎక్కువ రోత పుడుతుంది.

తర్వాత ఆ పేపరు మీద గైడు గారు పెట్టిన సెమినారుకు విద్యానగర్ వైపు నుంచి ఒక పెద్ద ప్రొఫెసరమ్మ వచ్చారు. "ఎంజైమ్ లేని కణాల్లో చూశారా?" అని అడిగారు.

గైడు గారు తడుముకోలేదు. "చెయ్యమన్న మేడమ్. మా అమ్మాయికి జర బద్ధకం."

లేచి ల్యాబుకెళ్లి, ఫిల్ము తెచ్చి ఆమె చేతికిచ్చాను. "చేసిన మేడమ్. సారే కత్తిరించమన్నరు."

ఆమె దాన్ని కిటికీ వెలుగుకు పట్టి చూశారు. "ఈ పేపరు జర్నలుకు పంపకండి" అని మాత్రం ఆయనతో అన్నారు.

పేపరు ఆగింది. నేను ఆమె ల్యాబుకు మారాను. సరైన యాంటీబాడీతో మళ్లీ చేస్తే షుగరు ఎలుకల్లో ఏ తేడా లేదు. థీసిస్‌లో అదే రాశాను.

మొన్న చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర ఆయనే పిలిచి పలకరించారు. యాంటీబాడీలను ఎలా పరీక్షించాలో కాలేజీల్లో పాఠాలు చెప్తున్నారట! "నువ్వు గూడ వచ్చి ఒక క్లాసు చెప్పమ్మా" అన్నారు, సిగ్గులేకుండా.

"మీకన్న మంచిగ ఎవరు చెప్తరు సార్?" అని బస్సెక్కాను. మెచ్చుకోలనుకున్నట్టున్నారు, చెయ్యి ఊపారు.