తాటిచెట్టును తట్టుకున్న వాచీ

లింగస్వామి చేతికి కూతురు కట్టిన, గుండె వేగం లెక్కపెట్టే మొదటి వాచీ బ్యాండ్ వారం తిరగకముందే తాటిచెట్టు మొదట్లో ఎండుగడ్డిలో దొరికింది. పట్టీ ఒకచోట, డబ్బీ ఒకచోట. చెట్టును కావలించుకుని ఎక్కే మనిషి ముంజేయి బెరడుకు రాసుకోక తప్పదు. ఆ రాపిడికి పట్టీని డబ్బీకి కలిపే సన్నని పుల్ల జారిపోయింది. రెండోదాని అద్దం గీతలు పడి, లోపలికి చెమటో కల్లో దిగి, అంకెలు మసకబారి, ఒకరోజు వెలగడమే మానేసింది.

"మీ నాయిన తాళ్ళెక్కుతాండా, వాచీలు నములుతాండా?" అంది ఉప్పలమ్మ కూతురితో.

"ఈసారి నమలరానిది తెస్తనే అమ్మా" అంది రమ.

నల్లగొండ దగ్గరి పానగల్ దాటి లోపలికి పోతే వచ్చే ఊరు వాళ్ళది. లింగస్వామి మీసం రాకముందే మోకు కట్టినవాడు. మోకు అంటే చెట్టునూ నడుమునూ కలిపి చుట్టే పెద్ద తాడు. ఎక్కేవాడి ప్రాణం దాని మీదే ఉంటుంది. తన వంతుకు వచ్చిన తాళ్ళలో, అంటే తాటిచెట్లలో, ఏది ఎక్కడ వంగిందో, దేనికి మట్ట పుచ్చిందో అతనికి చూడకుండానే తెలుసు. ఇందులో గొప్పేమీ లేదు. ఆ పనిలో ఉన్న ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు, తెలియనివాడు ఎక్కువకాలం ఆ పనిలో ఉండడు.

అంతకుముందు ఎండాకాలం ఒక పొద్దున అతను ఆఖరి చెట్టు దిగి తల పట్టుకుని కూర్చున్నాడు. వరసకు అల్లుడయ్యే బాలకృష్ణ అతన్ని బండి మీద నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాడు. రమ నల్లగొండలోనే రక్తపరీక్షలు చేసే ఒక ల్యాబులో పనిచేస్తుంది, పరుగెత్తుకుంటూ వచ్చింది. పరీక్షలన్నీ చూసి డాక్టర్ గుండె బాగానే ఉందన్నాడు. నీళ్ళు తాగక తిరిగింది కావచ్చన్నాడు. పోతూ పోతూ, "వయసు మీద పడుతోంది కదమ్మా, కనిపెట్టుకుని ఉండండి" అని ఒక మాట అన్నాడు.

ఆ ఒక్క మాట రమ మనసులో పడిపోయింది. తెల్లారకముందే చెట్టు మీద ఉండే మనిషిని నల్లగొండలో కిరాయి ఇంట్లో ఉన్న బిడ్డ ఎట్లా కనిపెట్టుకుంటుంది? చెట్టెక్కడం మానమంటే పని అయిపోయేది. కానీ దవాఖాన మెట్లు దిగుతుంటేనే లింగస్వామి ఆ దారి మూసేశాడు.

"బిడ్డా, మందులు మింగుమంటే మింగుత. ఉప్పు తినొద్దంటే తిన. నన్ను చెట్టు మాత్రం దించకు."

"నిన్నెవరు దించుతరు నాయినా" అంది రమ.

మాట ఇచ్చింది. ఆ మాట నిలబెట్టుకోవడానికే బ్యాండ్ కొన్నది. నాయిన చెట్టు మీదే ఉండాలి, తనకు ఆయన గుండె సంగతి తెలుస్తూ ఉండాలి. రెండు బ్యాండ్లు పోయాక, మూడోది తాటిచెట్టుకు ఓర్చేదే కావాలని గడియారం సెంటర్ దగ్గర శివకృష్ణ అనే కుర్రవాడి దుకాణానికి పోయింది.

"ఎవరికక్కా?"

"మా నాయినకు."

"గట్లైతే గీ తేలికది తీస్కో. పెద్దమనుషులు పొద్దుగాల వాకింగుకు పోతరు గద, జబర్దస్తుంటది."

"మా నాయిన అడ్డంగ నడవడు, నిలువుగ నడుస్తడు."

"అంటే?"

"తాళ్ళెక్కుతడు."

"గా ముచ్చట ముందు చెప్పొద్దా అక్కా!" అని శివకృష్ణ అప్పటిదాకా బల్ల మీద పరిచినవన్నీ తీసి లోపల పెట్టాడు.

ఆ తర్వాత రమ అడిగిన ప్రశ్నలు అతన్ని మధ్యాహ్నం అన్నానికి పోనివ్వలేదు. పుల్లలతో తగిలించే పట్టీ వద్దంది. డబ్బీ కింది నుంచి ఒకే ముక్కగా దూరిపోయే నేతపట్టీ అయితే ఒకవైపు ఊడినా చేతికే ఉంటుందని అదే ఎంచింది. అద్దం చుట్టూ అంచు అద్దం కన్నా ఎత్తుగా ఉండాలి, అప్పుడు బెరడుకు తగిలేది అంచే. కల్లు తడి ఉన్న వేలికి తెర పలకదు కాబట్టి పక్కన నొక్కే మీట ఉండాలి. రోజూ చార్జింగ్ పెట్టమంటే ఆయన మరిచిపోతాడు, ఒకసారి పెడితే చాలా రోజులు రావాలి. చివరికి చూపించడానికి ఉంచిన బ్యాండును పట్టుకుపోయి దుకాణం బయట గరుకు గోడకు రెండుసార్లు రాసింది.

"అక్కా, కొన్నంక రుద్దుకో!" అని శివకృష్ణ మొత్తుకున్నాడు.

"మీదికెల్లి పడ్డా ఏంగాదా?"

"మనిషి పడకుంటె చాలు, ఇది పడ్డా ఏంగాదు."

అన్నాక అతనికే నాలుక కరుచుకోవాలనిపించింది. రమ బ్యాండు పెట్టెలో పెట్టించుకుంది.

ఆ ఆదివారం ఊరికి పోయి నాయిన ఎడమచేతికి, మణికట్టు మీద కాకుండా కాస్త పైకి, గట్టిగా బిగించి కట్టింది. లింగస్వామిది మీటల ఫోను కాబట్టి బ్యాండును చేతికి కట్టకముందే తన ఫోనుకు కలిపి పెట్టుకుంది. ఫోను ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. పేరు, వయసు, ఎత్తు, బరువు. గుండె వేగం హద్దు దాటితే చేతి మీద కదిలించి చెప్పమంటారా అని కూడా అడిగింది. ముందటి రెండు చవకవాటికీ ఈ సౌకర్యం లేదు. రమ సంతోషంగా అవునని నొక్కింది. ఆ హద్దు ఎంతో చూసింది గానీ మార్చలేదు. ఫోను పెట్టుకున్నది ఫోనుకు తెలిసే ఉంటుందనుకుంది. టైం ఎక్కడ చూడాలో, గుండె అంకె ఎక్కడ కనిపిస్తుందో నాయినకు రెండుసార్లు చూపింది. ఇది చేతి మీద కదులుతుందని మాత్రం చెప్పలేదు. కదిలితే ఆయనే చూసుకుంటాడు కదా అనుకుంది.

మర్నాడు లింగస్వామి మూడో చెట్టు మీద ఉన్నాడు. మట్టలు ఇక అందుతాయనగా, ముంజేయి కాండానికి ఆన్చి మోకు పైకి జరుపుతుంటే చెట్టు జలదరించింది. అతనికి అట్లాగే తెలిసింది. చేయి చెట్టుకు అదిమి ఉంది. ఆ వణుకు చేతిలోంచి వచ్చిందా, చెట్టులోంచి వచ్చిందా అని అనుమానించే అవసరమే అతనికి తోచలేదు. గాలి లేదు, ఆకు కదలలేదు. దిగి వాచీ చూసుకుంటే టైం మామూలుగానే ఉంది.

ఆ ఊళ్ళో కల్లుగీసే గౌండ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఎక్కుతున్నవాడికి చెట్టు మీద తప్పు తోస్తే మారుమాట లేకుండా దిగాలి. మోకు ఊరకే జారినా, కాలి బంధం తెగినా చెట్టు వద్దన్నట్టు. ఆ పూటకు దాని జోలికి పోకూడదు. వద్దన్న సంగతి నోటితో చెప్పనూ కూడదు, చెబితే తర్వాత ఆ చెట్టెక్కేవాడికి ఆ కీడు తగులుతుందంటారు. లింగస్వామి దిగాడు. ఎవరితోనూ అనలేదు.

సాయంత్రం ఇంకో చెట్టు, సరిగ్గా అదే ఎత్తులో. మర్నాడు మొదటి చెట్టే. కొన్నిసార్లు పళ్ళు బిగించి పైకి పోయి గెల గీసి వచ్చాడు. కొన్ని చెట్లు వదిలేశాడు. రోజూ గీయని గెల ఎండిపోతుంది, ఎండిన గెల కల్లు ఇవ్వదు. అతని లొట్లు, కల్లు పట్టే కుండలు, ఒక్కొక్కటే ఖాళీగా వేలాడాయి. నేల మీద ఉన్నప్పుడు మాత్రం ఆ వణుకు ఒక్కసారి కూడా రాలేదు. దాంతో అతనికి మిగిలిన కొద్ది అనుమానం కూడా పోయింది. తనను వద్దంటున్నది చెట్టే.

రమ ఆదివారాలు వచ్చి, బ్యాండు దాచిన వారం లెక్కను ఫోనులోకి ఎక్కించుకుని చూసుకునేది. పొద్దునా సాయంత్రం ఎర్రటి శిఖరాలు లేచి పడేవి. "నాయిన ఎక్కినప్పుడల్లా గీడ తెలుస్తాంది చూడవే" అని తల్లికి చూపించేది. ఎక్కేవాడి గుండె జోరుగా కొట్టుకోవడం సహజమేనని ఆమెకు తెలుసు. తెలిసి మురిసిపోయింది. బ్యాండు మీద గీత పడలేదు, నీరు దిగలేదు, పట్టీ పోగు లేవలేదు. సరైనదే ఎంచానని ల్యాబులో అందరికీ చెప్పింది.

చెట్ల పంపకానికి గౌండ్ల సంఘం కూర్చున్న రోజు లింగస్వామి లేచి, "నా తాళ్ళు తలా ఇన్ని పంచుకోండ్రి, నాకిగ చాలు" అన్నాడు.

"ఏంది మామా, ఇంత జల్దీ ముసలోనివైనవా?" అన్నాడు బాలకృష్ణ. "అత్త కొంగు పట్టుకొని తిరుగుతవా ఏంది?"

అందరూ నవ్వారు. లింగస్వామి కూడా నవ్వి, గౌండ్ల దేవుడు కాటమయ్య రాయి ముందు కొబ్బరికాయ కొట్టి, తాను వదులుకుంటున్నట్టు పదిమందిలో చెప్పాడు. అతని తాళ్ళలో ఎక్కువ భాగం బాలకృష్ణ వంతుకే పోయాయి. ఇంటికి వచ్చాక ఉప్పలమ్మ ఎంత తరిచి అడిగినా, "మోకాళ్ళు గుంజుతున్నయే" అన్నాడంతే.

రమకు ఫోనులో చెప్పారు. ఆమె మొదట బాధపడింది. తర్వాత, ఆయన్నెవరూ దించలేదు, తనంతట తానే దిగాడు, మంచిదే అనుకుంది. లింగస్వామి పక్క ఊరి బత్తాయి తోటలో నీళ్ళు పెట్టే పనికి కుదిరాడు. "నిలబడి కోసుకునే చెట్టు గూడ చెట్టేనా మామా?" అని బాలకృష్ణ దారిలో ఎగతాళి చేస్తే నడక ఆపకుండా తోటకు పోయేవాడు. కానీ కుంగిపోయిన మనిషిలా ఉండేవాడు కాదు. చెట్టు తనను పంపించింది, తాను గౌరవంగా తప్పుకున్నాడు. అందులో ఒక ఊరట ఉంది.

ఆదివారాలు రమ ఫోనులో ఎర్రటి శిఖరాలు పోయి నీలిగీత చదునుగా సాగింది. "నాయినా, నీ గుండె ఎంత నిమ్మలంగున్నదో చూడు!" అంది. అతను తలూపాడు.

తర్వాతి ఏడు రమ కొత్త ఫోను కొన్నది. బ్యాండును మళ్ళీ కలపాలి. వాకిట్లో మంచం మీద నాయిన పక్కన కూర్చుని అతని చేయి ఒళ్ళో పెట్టుకుని నొక్కుతోంది. ఫోను, బ్యాండు ఒకదాన్నొకటి గుర్తుపట్టాయి. గుర్తుపట్టినట్టు బ్యాండు ఒకసారి వణికింది.

లింగస్వామి నిప్పు తగిలినట్టు చేయి లాక్కున్నాడు.

"ఏమైంది నాయినా?"

"గిదేంది? గిప్పుడు కదిలింది గిదేనా?"

"కలిసింది అని చెప్తాంది. ఏం గాదు, ఇయ్యి చెయ్యి."

అతను చేయి ఇవ్వలేదు. "చెట్టు మీద గూడ గిట్లనే కదులుతదా?"

"కదులుతది." రమ తన పనితనం చెప్పుకునే ఉత్సాహంలో ఉంది. "గుండె జోరు హద్దు దాటితే కదులుతది. నేనే పెట్టిన. కింద ఊకె కూసున్నోళ్ళకు పెట్టిన హద్దది, ఎక్కేటోళ్ళకు రోజూ దాటుతది. నీకెప్పుడన్న..."

నాయిన ముఖం చూసింది.

"మరి ముందుగాల చెప్పకపోతివి బిడ్డా" అన్నాడు లింగస్వామి.

అప్పుడు చెప్పాడు. మూడో చెట్టు నుంచి పంపకం దాకా, ఎవరితోనూ అననిదంతా. కోపంగా చెప్పలేదు. తిట్టి ఉంటే రమకు తేలికగా ఉండేది. ఉప్పలమ్మ తలుపు దగ్గర నిలబడి విని, "గింత మాట కడుపుల పెట్టుకుంటివా" అని అతన్ని, "గంత చదువు చదివి గా ముక్క చెప్పకపోతివా" అని కూతుర్ని, ఇద్దరినీ అని లోపలికి పోయింది. రమ ఆ రాత్రి నల్లగొండ పోలేదు. చెట్టు పంపిందనుకుని దిగినవాడికి, యంత్రం దింపిందని తానే చెప్పింది. తెలియకుండా చేసిన మొదటి తప్పు కన్నా, సంబరంగా చెప్పిన ఈ నిజమే ఆమెకు ఎక్కువ బరువైంది.

సంగతి బాలకృష్ణకు చేరింది. ఎగతాళి మాటలు గుర్తొచ్చాయేమో, తెల్లారేసరికి వాళ్ళ వాకిట్లో ఉన్నాడు.

"మామా, లే. నీ తాళ్ళు నువ్వెక్కు. సంఘం నేను చూసుకుంట."

"కాయ గొట్టి వదిలిన అల్లుడా."

"కాటమయ్యకు తెల్వదా ఏం జరిగిందో? లే మామా, జర ఒక్కటి ఎక్కు, నా కోసం."

రమ తానే బ్యాండు విప్పి చేతిలో పట్టుకుంది. ముగ్గురూ తాళ్ళ దగ్గరికి నడిచారు. లింగస్వామి బాలకృష్ణ మోకు కట్టుకుని చెట్టుకు మొక్కి ఎక్కాడు. ఏడాదిగా ఎక్కని కాళ్ళు మెత్తబడ్డాయి గానీ పని మరవలేదు. మట్టలకు ఇంకొంచెం దూరం ఉందనగా ఆగిపోయాడు. చేయి కాండానికి ఆన్చి కదలకుండా ఉండిపోయాడు. చాలాసేపటికి మెల్లగా దిగాడు.

"కదిలిందా నాయినా?" అంది రమ.

"చెట్టు ఊకున్నది బిడ్డా. నా చెయ్యే ఊకుంట లేదు. ఆ వణుకు వస్తది వస్తది అని చూస్తాంది."

మోకు విప్పి బాలకృష్ణకు ఇచ్చాడు. పైన లొట్టి నిండి ఉంది, ఎండ ముదిరితే కల్లు పులిసిపోతుంది. ఎవరో ఒకరు దించాలి. బాలకృష్ణ ఎక్కాడు. లింగస్వామి తల పైకెత్తి చూడలేదు. తోటకు నీళ్ళ వేళయిందని కూతురితో చెప్పి, గట్టు మీదుగా పోయాడు.