ఆరువందల అంగలు

మైపాడు తీరంలో గుర్రపు స్వారీ నడిపే కృపాదానం దూరాన్ని అంగల్లోనే కొలిచేవాడు. తన ఆడగుర్రం రూతు ఎడమ ముందుకాలు ఒకసారి నేల మీద పడితే ఒక అంగ. ఆరువందలైతే కిలోమీటరు. రూతును కొన్న ఏడాది, పదేళ్ల కిందట, నెల్లూరు రోడ్డు మీద ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయి దాకా నాలుగుసార్లు నడిపించి తేల్చుకున్న లెక్క అది. కళ్లెం పట్టుకుని నడుస్తూ, జీను మీద కూర్చున్న వాళ్లతో కబుర్లు చెబుతూనే లోపల లెక్కపెట్టుకునేవాడు. ఆరువందలు కాగానే వెనక్కి తిప్పేవాడు.

రెండేళ్ల కిందట కోవూరు నుంచి వెంకటేష్ అనే కుర్రవాడు తెల్లగుర్రంతో వచ్చాడు. జీనుకు ఫోను కట్టి, స్వారీ అయ్యాక ఎంత దూరం పోయిందీ ఫోను మ్యాపు మీద గీతతో సహా చూపించేవాడు. జనం ఆ గీతను ఫోటో తీసుకునేవారు. ఆదివారాలు అతని దగ్గర వరస కట్టేవారు. కృపాదానం రూతు మెడ నిమురుతూ ఆ వరసనే చూసేవాడు. వెంకటేష్ "అన్నా" అని పలకరిస్తే వినపడనట్టు సముద్రం వైపు తిరిగేవాడు. చర్చిలో మోకరించినా ఆ ఫోను ఉప్పునీళ్లలో పడితే బాగుండునని అనిపించేది. అలా అనిపించినందుకు సిగ్గుపడేవాడు, మళ్లీ అదే అనుకునేవాడు.

ఒక సాయంత్రం రూతు మీద నుంచి దిగుతూ ఒకావిడ అంది: "ఆ అబ్బాయి కిలోమీటరు సరుగుడు తోపు దాటిపోతుంది. మీరు తోపు దాకా కూడా పోలేదే?"

ఆ మాటకు కృపాదానానికి అన్నం సయించలేదు. "ఫోను అబద్ధం చెప్తా ఉంది. రేపు తేల్చేస్తా," అన్నాడు భార్య ప్రేమలీలతో.

తెల్లవారగానే ఇద్దరూ యాభై మీటర్ల వలతాడు తీసుకుని తీరానికి వెళ్లారు. ఒకరు ఒక కొస, ఇంకొకరు ఇంకో కొస పట్టుకుని, స్వారీ మొదలయ్యే చోటు నుంచి ఇరవైసార్లు పరిచారు. ఇరవయ్యోసారి తాడు తోపు దాటి, వెంకటేష్ గుర్రాన్ని తిప్పే చోటనే ఆగింది.

"తాడు సాగిందేమో," అన్నాడు.

"సాగలా. నువ్వు రూతును నడిపించు, నేను లెక్కపెడతా," అంది ప్రేమలీల.

ఆమె లెక్కలోనూ ఆరువందల అంగలు తోపుకు ఇవతలే అయిపోయాయి. దాదాపు తొంభై మీటర్లు తక్కువ. అప్పుడే తన గుర్రాన్ని నడిపించుకుంటూ వచ్చిన వెంకటేష్, తడి ఇసుకలో రూతు అడుగుల వెంట కొంతదూరం వంగి చూశాడు.

"అన్నా, కుడి ముందుకాలు సరిగా ఆనించడం లా. అడుగులు దగ్గర దగ్గరగా పడతా ఉండాయి. ఎన్నాళ్ల నుంచి?"

"నా గుర్రం సంగతి నువ్వు చెప్పేదేంది? నీ పని చూసుకో పో," అన్నాడు కృపాదానం.

వెంకటేష్ తన గుర్రాన్ని నడిపించుకుంటూ వెళ్లిపోయాడు. అతను కనుమరుగయ్యాక కృపాదానం వంగి, ఆ కాలును గిట్ట నుంచి పైదాకా తడిమాడు. గిట్టకు పైన వేడిగా ఉంది. వేలితో నొక్కితే రూతు కాలు లాగేసుకుంది. రోజూ ఆ పక్కనే నడిచిన మనిషి. కళ్లు మాత్రం రెండేళ్లుగా తెల్లగుర్రం మీదే ఉన్నాయి.

నెల్లూరు నుంచి వచ్చిన పశువుల డాక్టరు నరం వాచిందని, మూడు నెలలు ఎవరినీ ఎక్కించవద్దని చెప్పాడు. ఆ మూడు నెలలూ కృపాదానం రొయ్యల చెరువుల మీద కాపలాకు పోయాడు. పొద్దునా సాయంత్రం రూతు కాలికి చన్నీళ్ల గుడ్డ కట్టేవాడు.

"ఆ అబ్బయ్యతో ఒక మంచి మాట అనరాదా?" అంది ప్రేమలీల ఒకరోజు.

"అంటాలే. వాడు నాకంటే ముందు చూసినాడే, అదే దిగమింగుకోలేకపోతా ఉండా."

వానలు వెనకబట్టాక రూతు మళ్లీ తీరానికి వచ్చింది. నడక కుదుటపడింది కానీ అంగ మునుపటంత సాగలేదు. కిలోమీటరుకు ఇప్పుడు ఆరువందల నలభై. తన లెక్క సరిచూడమని వెంకటేష్‌ను అడిగింది కృపాదానమే. ఇద్దరూ పక్కపక్కన నడిచి చూసుకున్నారు. మాట్లాడుకుంటున్నారు కూడా. అయినా ఆదివారం జనం తెల్లగుర్రం వైపు పోతుంటే కృపాదానం కడుపు ఇంకా మండుతుంది. అప్పుడు తల తిప్పుకుని రూతు కాళ్ల వంక చూస్తాడు.