విత్తనపు దుంపల ఊపిరి

మా తమ్ముడు సాధించిన మొదటి విజయం, తను పనిచేసే కోల్డ్ స్టోరేజీలో ఒక గది నిండా రైతులు దాచుకున్న విత్తనపు బంగాళాదుంపలను ఒక్క మొలక రాకుండా ఎండాకాలం దాటించడం. అంతకు ముందు అది ఎవరి వల్లా కాలేదు. మొదట్లో వాడి వల్లా కాలేదు, బాగా తిట్లు తిన్నాడు. ఆ పైన తలుపు సందులకు తనే రబ్బరు పట్టీలు కొట్టి, బస్తాల కింద గాలి ఆడేలా చెక్కలు పరిచి, కంటికి రెప్పలా కాచి గెలిచాడు. తర్వాత గదుల్ని చల్లబరిచే అమ్మోనియా పైపు పగిలితే అందరూ బయటికి పరిగెత్తారు గానీ, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని వాల్వు తిప్పింది వాడే. ఉల్లిపాయలకు వేరే గది పెట్టించిందీ వాడే. మండుటెండలోనూ స్వెటరుతో తిరుగుతాడని అందరూ వాడిని స్వెటరు అనే పిలుస్తారు. మా మరదలైతే, "ఈయన కట్టుకున్నది నన్ను కాదు వదినా, ఆ థర్మామీటర్ని" అంటుంది.

నేను చదివింది మా పల్లెటూరి బడిలోనే. దుంప సంగతి నాకు చెప్పింది వాడు. తవ్వి తీసినంత మాత్రాన దుంప చచ్చిపోదట. దాని ఒంట్లోని ప్రతి కణానికీ తిండి కావాలి. తిండి అంటే అది దాచుకున్న పిండే. ఆ పిండిని చక్కెరగా మార్చుకుని, ప్రాణవాయువుతో కలిపి మెల్లమెల్లగా కాలుస్తుంది. మంట కనబడదు. వచ్చిన శక్తితో బతుకుతుంది, కాస్త వేడినీ, తేమనూ, బొగ్గుపులుసు వాయువునూ బయటికి వదులుతుంది. మనం తిన్నదీ మన కణాల్లో అలాగే కాలుతుందట. "మనకు ముక్కుంది అక్కా, దానికి తోలే ముక్కు" అన్నాడు. చల్లగా ఉంచితే ఆ కాలడం నెమ్మదించి, మొలకకు కావలసిన బలం మిగులుతుంది. నెమ్మదిస్తుందే గానీ ఆగదు. అందుకే రోజూ తెల్లవారుజామున గోడ పైనున్న గాలి కిటికీలు తెరిచి గది గాలి మార్చాలి.

గది తలుపు పక్కన ఒక పలక ఉంటుంది. లోపల ఎంత చలి ఉందో దాని మీద రాస్తారు. చలి పోతుందని రైతులెవరూ లోపలికి అడుగు పెట్టరు. అంకె చూసుకుని, కదలలేదంటే నిశ్చింతగా ఇంటికి పోతారు. అది అక్కడి పద్ధతి.

ఈ ఏడు సెప్టెంబరులో ఎండలు మళ్ళీ ముదిరాయి. కంప్రెసరు మూలుగుతోంది. కిటికీ తెరిస్తే వేడిగాలి. పలక మీద అంకె ఒకటి పెరిగిన రోజు ఒక రైతు, "ఏం స్వెటరూ, వయసు మీద పడిందా?" అని నవ్వి పోయాడు. మావాడికి తల కొట్టేసినట్టయింది. మర్నాటి నుంచి కిటికీలు తెరవలేదు, సందుల్లో గోనెలు కూడా కుక్కాడు. ఎండలు తగ్గే దాకానే కదా అనుకున్నాడు. అంకె దిగింది, అందరూ మెచ్చుకున్నారు. మెప్పు రుచి మరిగి వారాల తరబడి అలాగే మూసి ఉంచాడు.

నాటే వేళకు దుంపలు బయటికొచ్చాయి. పైకి నిగనిగలాడుతున్నాయి. ముక్కలు చేయడానికి కత్తి పెడితే నడుమ సిరా పోసినట్టు నలుపు. తోలు దగ్గరి కణాలకు ఉన్న కాస్త గాలీ సరిపోయింది, నడిమి కణాలకు అందక అవి ఊపిరాడక చచ్చాయి. అలాంటివి నాటితే మట్టిలో కుళ్ళడమే.

యజమాని నెపం కంప్రెసరు మీదికి నెట్టి, మావాడిని నోరు మెదపవద్దన్నాడు. రైతులు నమ్మడమే కాదు, పాపం నువ్వేం చేస్తావని వాడినే ఓదార్చారు. ఆ ఓదార్పు వాడిని దహించింది. షెడ్డులో కూర్చుని బస్తాకొక దుంప తీసి కోశాడు. తలుపు దగ్గర, తీసినప్పుడల్లా గాలి తగిలినవి, తెల్లగా ఉన్నాయి, లోపలి వరసలవి నల్లగా. వేడికి పాడైతే ముందు తలుపు దగ్గరివే పోవాలి కదా. మరదలు భోజనానికి పిలిచినా కోస్తూనే ఉన్నాడు.

"అవి ఊపిరి తీసుకుంటాయని తెలిసీ మూశానక్కా. తెలియక చేసుంటే నిద్రయినా పట్టేది" అన్నాడు నాతో.

చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే కంప్రెసరు చూసే మెకానిక్కు ఉద్యోగం పోతుంది. మర్నాడు గేటు దగ్గర రైతులు ఆ మెకానిక్కును చుట్టుముట్టి నిలదీస్తుంటే మావాడు మధ్యలోకి వెళ్ళాడు.

"ఆయన్నేమీ అనకండి. మిషను పనిచేసింది. గాలి కిటికీలు మూసింది నేను. అంకె కోసం మూశాను."

ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేదని వాడు తర్వాత అన్నాడు. వాళ్ళలో పెద్దాయన మెకానిక్కును వదిలి వాడి వైపు తిరిగాడు.

"కడుపులో పెట్టుకుని చూస్తావనుకున్నామయ్యా. ఇప్పుడు ఏం నాటమంటావు?"

తలుపు దగ్గరి బస్తాలు కొంత పొలానికే సరిపోతాయనీ, మిగతాది కొండ పక్క రైతుల దగ్గర దొరుకుతుందనీ, తనే వెళ్ళి ఏరి తెచ్చి, కోసి, నాటి ఇస్తాననీ మావాడు చెప్పాడు.

"చెప్పడం కాదు, వచ్చి వంగు" అన్నాడు పెద్దాయన.

యజమాని మెకానిక్కును ఉండమని, మావాడి చేతిలోని తాళాలు లాక్కున్నాడు. నాటు ముగిశాక రా, ఉంచాలో వద్దో అప్పుడు చూద్దాం అన్నాడు. ఆ సాయంత్రమే వాడు కొండ పక్కకు బయలుదేరాడు. ఇప్పుడు రైతుల పొలాల్లో ఉన్నాడు. నడుము పట్టేసిందనీ, తనతో ఎవరూ పెద్దగా మాట్లాడరనీ, తెచ్చిన ప్రతి దుంపనూ ముందు కోసి చూపించి గానీ నాటనివ్వరనీ ఫోనులో చెప్పాడు. అలా చూపించమనడమే న్యాయం అన్నాడు. ఇంకా చివరి పొలం మిగిలి ఉంది. నవంబరు పద్దెనిమిదిన ఇంటికి వస్తాడు.