గేర్ల మాస్టారి ఎడమకాలు

గేర్ల మాస్టారికి సొంత కారు లేదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే ఆయన మాటలు విన్నవాళ్ళు ఆయన ఇంటి ముందు నాలుగు కార్లయినా నిలబడి ఉంటాయని అనుకుంటారు. నిలబడి ఉండేది ఒక పాత స్కూటరు. దానిక్కూడా సీటు చిరిగితే, కూలికి కర్టెన్లు కుట్టగా మిగిలిన గుడ్డతో ఆయన భార్యే తొడుగు కుట్టింది.

ముప్పయ్యేళ్ళకు పైగా డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పాడాయన. అన్నేళ్ళూ ఎడమ సీట్లోనే కూర్చున్నాడు. నేర్పే కారులో ఆ పక్క కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. శిష్యుడు బిగుసుకుపోయినప్పుడల్లా మాస్టారు తన కాలితో తొక్కేవాడు. కారు తన మాట వింటోందని శిష్యుడు మురిసిపోయేవాడు. అది విన్నది మాస్టారి ఎడమకాలి మాట.

గేర్ల విషయంలో ఆయనది తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఎవరైనా ధైర్యం చేసి "మాస్టారూ, ఆటోమేటిక్ కారు నేర్పుతారా?" అని అడిగితే కళ్ళద్దాలు తీసి వాళ్ళని పైనుంచి కిందికి చూసేవాడు.

"లిఫ్ట్ ఎక్కడం కూడా నేర్పమంటావా? బటన్ నొక్కు, నిలబడు, పో. దానికి ఫీజెందుకు? ఆటోమేటిక్ నడిపేవాడు డ్రైవరేంటయ్యా, టికెట్ లేని ప్యాసింజరు!"

ఊళ్ళో సగం మంది ఆయన శిష్యులే కాబట్టి ఈ మాట ఊరంతా పాకింది. ఆటోమేటిక్ కొన్నవాళ్ళు ఆయన ఎదురుపడితే పక్క సందులోకి తిరిగి పోయేవాళ్ళు. మాస్టారికి అది మహా తృప్తి.

ఇంతలో ఎడమ మోకాలు మొరాయించింది. ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము దీపానికెత్తి చూసి, "బాగా అరిగిపోయిందండీ. ఏం పని చేస్తారు?" అన్నాడు.

"పాఠాలు చెప్తాను."

"కాలితోనా?"

మాస్టారికి ఒళ్ళు మండింది గానీ, ఆలోచిస్తే ఆ డాక్టరన్నది నిజమే. ఇంటికొచ్చి ఆ ఫిల్మును బీరువా వెనక తోసేశాడు. ఆ రోజు నుంచి మేడమెట్లు పక్కవాటుగా దిగడం మొదలుపెట్టాడు. అదేమిటని అడిగితే గోడకు సున్నం ఎక్కడెక్కడ రాలిందో చూస్తున్నానన్నాడు. భార్య మేడ మీది బట్టల తీగ విప్పి తెచ్చి కింద వరండాలో కట్టింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకే స్కూలు మూసేశారు. చేతికొచ్చిన సొమ్ముకు ఇంట్లో దాచింది కలిపి మాస్టారు కారు కొంటానన్నాడు. అది కూడా ముసలివాళ్ళు కొనే నిదానపు కారు కాదు. ఎర్రది, పొట్టిది, వెనక నెత్తిమీద చిన్న రెక్క, కింద రెండు పొగగొట్టాలు, తొక్కితే ఉరికే హ్యాచ్‌బ్యాక్. జీవితమంతా ఎల్ బోర్డు తగిలించుకుని ఎడ్లబండి వేగంతో తిరిగినవాడికి ఆ మాత్రం కోరిక ఉండడంలో తప్పేముంది? నిజానికి ఆయనకు కావలసింది ఒక్కటే. ఆ ఎడమ సీట్లోంచి లేచి, ఒక్కసారి కుడి సీట్లో కూర్చుని, తన కారును తన ఇష్టమొచ్చినట్టు తనే నడుపుకోవాలి. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పిందంతా గేర్ల గురించే.

"బావా, అదే కారు గేర్లు లేకుండా కూడా వస్తోంది," అన్నాడు బావమరిది, అన్నంలో చెయ్యి పెట్టి. ఆయనకు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. అందుకని ప్రపంచంలో ఉన్న ప్రతి యంత్రం మీదా ఆయనకొక అభిప్రాయం ఉంటుంది. "హాయిగా కూర్చుని పోవడమే. ట్రాఫిక్‌లో నీ కాలికి..."

"నా కాలికేమైంది?"

బావమరిది అక్క మొహం చూశాడు. అక్క కూర గిన్నె చూస్తోంది. "కాలికేముంది బావా, బంగారం లాంటి కాలు. చారు ఇలా ఇవ్వు," అన్నాడు.

"మాన్యువలే," అన్నాడు మాస్టారు. "ఇంకో మాట లేదు."

"సరే, ముందు నడిపి చూడండి," అంది భార్య. కారు విషయంలో ఆవిడ అంతకంటే మాట్లాడదు. దానికి కారణం ఉంది. పెళ్ళైన కొత్తలో మాస్టారు ఆవిడకు డ్రైవింగ్ నేర్పబోయాడు. నాలుగు రోడ్ల కూడలిలో "క్లచ్! క్లచ్! అది బ్రేకు! నీకు కాళ్ళెన్నున్నాయే?" అని ఆయన అరిచిన అరుపుకి ట్రాఫిక్ పోలీసు కూడా వెనక్కి తిరిగాడు. ఆవిడ అక్కడికక్కడే ఇంజను ఆపి, తాళం ఆయన చేతిలో పెట్టి, బస్సెక్కి ఇంటికొచ్చేసింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆవిడ డ్రైవింగ్ ఊసు ఎవరూ ఎత్తలేదు.

ముగ్గురూ కలిసి షోరూముకి వెళ్ళారు. అద్దాల గోడలు, చలేసేంత ఏసీ, కాగితపు కప్పుల్లో కాఫీ. అక్కడి సేల్స్ మేనేజరు మాస్టారి పాత శిష్యురాలు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, చేతికింద పదిమంది మనుషులు. అయినా మాస్టారిని చూడగానే చేతిలోని ఫోను వెనక్కి దాచేసింది.

"మీకు మాన్యువలేగా మాస్టారూ? అడగక్కర్లేదు, తెలుసు," అంది నవ్వుతూ.

అందరూ కారెక్కారు. మాస్టారు తలుపు తెరిచి కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. మేనేజరు కూడా కూర్చుని, అద్దం సరిచేసి, "అద్దం చూశాను మాస్టారూ, న్యూట్రల్‌లో ఉంది, బెల్టు పెట్టుకున్నాను," అని అప్పజెప్పింది. "ఊఁ, పోనీ. మెల్లగా," అన్నాడాయన. కారు గేటు దాటి వీధి చివరిదాకా వెళ్ళాక ఆవిడకు గుర్తొచ్చి బ్రేకు వేసింది.

"మాస్టారూ, నడిపి చూడాల్సింది మీరు కదా!"

మాస్టారు ఎప్పటిలాగే ఎడమ సీట్లో కూర్చున్నాడు. ఆవిడ ఎప్పటిలాగే కుడి సీట్లో కూర్చుంది. వెనకున్న బావమరిదికి ఇదంతా ముందే తెలుసు గానీ, ఎంత దూరం పోతారో చూద్దామని నోరెత్తలేదట.

సీట్లు మారారు. కుడి సీట్లో కూర్చున్న మాస్టారు కాసేపు స్టీరింగు ఊరికే పట్టుకున్నాడు. ఆ తర్వాత నడిపాడండీ! గేరు పడుతుంటే చప్పుడు లేదు, కుదుపు లేదు. "విన్నావా? ఇంజను అడిగింది, నేనిచ్చాను. అడక్కుండా ఇవ్వకూడదు, అడిగాక ఆపకూడదు," అని పాఠం కూడా చెప్పాడు. ఆయన మొహంలో అంత సంతోషం భార్య చాలా ఏళ్ళుగా చూడలేదు.

అలా ఫ్లైఓవరు ఎక్కారు. సగం ఎక్కాక ముందు బండ్లన్నీ ఆగాయి. కాస్త కదలడం, ఆగడం. క్లచ్ తొక్కడం, వదలడం. మళ్ళీ తొక్కడం, మళ్ళీ వదలడం. మాస్టారు పాఠం ఆపేశాడు. నుదుటి మీద చెమట పట్టింది. కాసేపటికి మోకాలు కీలు పట్టేసి, కాలు ఇక కిందికి దిగనంది. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఆయన చప్పున హ్యాండ్‌బ్రేకు లాగాడు.

వెనక హారన్లు మొదలయ్యాయి.

"ఈ కారు క్లచ్‌లో ఏదో లోపముంది," అన్నాడు మాస్టారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని కారులో అందరికీ అనిపించింది. మేనేజరు మర్యాదకు కిటికీలోంచి బయటికి చూసింది. ఆయన రెండు చేతులతో మోకాలిని పట్టుకుని కిందికి నొక్కాడు. అది దిగలేదు సరికదా, ఆయన నోట్లోంచి ఒక మూలుగు బయటికొచ్చింది.

వెనక తలుపు తెరుచుకుంది. భార్య దిగి వచ్చి ఆయన పక్క తలుపు తీసింది.

"దిగండి."

"నువ్వేం చేస్తావే?"

"ముందు దిగండి. వెనకవాళ్ళు మన ఏడు తరాలనూ తిడుతున్నారు."

ఆయన కుంటుకుంటూ వెళ్ళి వెనక సీట్లో కూలబడ్డాడు. ఆవిడ సీటు ముందుకు జరుపుకుంది, అద్దం సరిచేసుకుంది, చీర కుచ్చిళ్ళు ఒక పక్కకు సర్దింది. క్లచ్, గేరు, ఇంజను చిన్నగా మూలిగేదాకా ఓపిక, అప్పుడు హ్యాండ్‌బ్రేకు వదలడం. కారు అంగుళం కూడా వెనక్కి జారకుండా ఎత్తు ఎక్కింది. రెండో గేరు. దిగుడులో మూడో గేరు. ఇంజను అడిగింది, ఆవిడ ఇచ్చింది.

మాస్టారు నోరు వెళ్ళబెట్టాడు. పక్కనున్న బావమరిదిని చూశాడు. "నీకు తెలుసా?"

"నాకేం తెలీదు బావా," అన్నాడు బావమరిది, ప్రశ్న పూర్తి కాకముందే.

"ఎక్కడ నేర్చుకున్నావే?"

"ఎదురు స్కూల్లో," అంది ఆవిడ అద్దంలో చూస్తూ.

"ఆ బఠాణీగాడి దగ్గరా!" ఎదురు స్కూలు మాస్టారు పొట్టివాడు. రెండు దిండ్లు వేసుకుంటే గానీ ఆయనకు రోడ్డు కనపడదు. ఆయనకు ఆ పేరు పెట్టింది ఈయనే.

"ఆయన అరవడండీ."

"మా స్కూలు ఎదురుగా నేర్చుకుంటుంటే నాకెలా కనపడలేదు?"

"మీరెప్పుడూ పక్కవాడి మీద అరుస్తుంటారు కదా, ఎదురొచ్చేదెవరో చూస్తేగా! ఒకసారి మీ కారు పక్కనించే పోయాను. నాకు హారన్ కూడా కొట్టారు."

మేనేజరు నవ్వాగక దగ్గు తెచ్చుకుంది. మాస్టారికి కోపం రాలేదు. రావాలని చాలా ప్రయత్నించాడు. భార్య తన దగ్గర కాకుండా వాడి దగ్గర నేర్చుకుందన్న బాధ గుండెలో ముల్లులా దిగింది. వాడు ఎంత బాగా నేర్పాడో కళ్ళారా చూడాల్సి రావడం అంతకంటే బాధ.

షోరూముకి తిరిగొచ్చాక మాస్టారు గొంతు సవరించుకుని, పైకప్పు చూస్తూ, "వచ్చాం కాబట్టి ఆ రెండోది కూడా ఓసారి చూద్దాం. ఊరికే," అన్నాడు.

ఆటోమేటిక్‌లో కాసేపు ఎడమకాలికి ఏం చెయ్యాలో తెలియలేదు. పని దొరక్క అటూ ఇటూ కదిలింది. తర్వాత ఓ మూల సర్దుకుని నిద్రపోయింది. అదే ఫ్లైఓవరు, అదే రద్దీ, నొప్పి మాత్రం లేదు. ఆ సుఖానికి మాస్టారికి సిగ్గేసింది. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని, ఆ మాట ఎలా అనాలో తెలియక కళ్ళద్దాలు తుడుచుకుంటుంటే భార్య అంది:

"మాన్యువలే తీసుకుందాం. నాకదే నచ్చింది."

ఇది ఆయన లెక్కలో లేదు. "ట్రాఫిక్ ఎక్కువైందిగా ఈ మధ్య..." అని నసిగాడు.

"గేరు చేతిలో ఉంటే ట్రాఫిక్ చేతిలో ఉన్నట్టే అంటారుగా మీరు."

"కొత్త రకంవి చాలా తెలివైనవట. వాటంతటవే..."

"కారుకి తెలివుంటే మనిషికెందుకు అంటారుగా. ఆటోమేటిక్ నడిపేది డ్రైవర్ కాదు, టికెట్ లేని ప్యాసింజర్ అని ఊరంతా చెప్పారుగా. నేను నమ్మాను. కుట్టుమిషను తొక్కిన కాలికి ఆ క్లచ్ ఎంత హాయిగా ఉందో మీకు తెలీదు. ఈ సొమ్ములో నేను కర్టెన్లు కుట్టి సంపాదించిందీ ఉంది."

ఊరందరికీ చెప్పిన నీతిని పూర్తిగా నమ్మిన మనిషి ఇన్నాళ్ళకు ఒకరు దొరికారు. అదీ తన ఇంట్లోనే, తన కొంప ముంచడానికి! బావమరిది ఇంకో కాఫీ తెచ్చుకుని కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. మేనేజరు కలం పట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. పక్క బల్ల దగ్గర కూర్చున్నాయన కూడా పాత శిష్యుడే. చెవులు ఇటే పెట్టాడు.

మాస్టారు లేచి నిలబడ్డాడు. మోకాలు కలుక్కుమంది.

"నా మోకాలు పోయింది," అన్నాడు. కాస్త గట్టిగానే అన్నాడు. "క్లచ్ తొక్కలేను. గేర్లున్న కారు కొంటే నేను నడపలేను. ముప్పయ్యేళ్ళు ఊరందరి పక్కనా కూర్చున్నానే. వాళ్ళు నడిపారు, నేను చూశాను. నాకూ నడపాలనుంది."

భార్య కళ్ళు చెమ్మగిల్లాయి. అయినా గొంతు మాత్రం తగ్గించలేదు.

"మీ మోకాలి సంగతి నాకు మీకన్నా ముందే తెలుసు. బీరువా వెనక ఊడ్చేది నేను కాదూ? ఎప్పుడు చెప్తారా అని చూస్తున్నాను. గేర్లు, గేర్లు అని ప్రాణం తీశారు గానీ, ఈ ఒక్క ముక్క ముందే చెప్తే ఏం పోయేది?"

ఆవిడకు గేర్లు నిజంగానే ఇష్టం. అది నాటకం కాదు. ఎర్ర మాన్యువలు కారు తలుపు తీసి, గేరు కడ్డీ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. తలుపు మూసి వచ్చి, "ఆ రెండోదే రాయమ్మా," అంది.

"అమ్మయ్య," అన్నాడు బావమరిది.

కారు చేతికొచ్చిన రోజు వాళ్ళిద్దరే వెళ్ళారు. మాస్టారు కుడి సీట్లో, ఆవిడ ఎడమ సీట్లో. షోరూము గేటు దగ్గరికొచ్చి ఆగాడు.

"ఎటు పోదాం?" అని అడిగాడు.

"నన్నడుగుతారేంటి? స్టీరింగు మీ చేతిలో ఉంది."

మాస్టారు రోడ్డును అటూ ఇటూ చూశాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎదురొచ్చే బండ్లను దాటుకుని కుడివైపు తిరగాలంటే భయపడతారు. అందుకని స్కూల్లో ఎప్పుడూ ఎడమే. ఎడమ, మళ్ళీ ఎడమ, మళ్ళీ ఎడమ, మళ్ళీ స్కూలు. ఉద్యోగమంతా ఆయన తిరిగింది ఆ నాలుగు వీధులే. వెనక ఎవరో హారన్ కొట్టారు. మాస్టారు కుడి ఇండికేటర్ వేశాడు.

"ఏమండీ, ఇల్లు ఎడమకు కదా. అటు పోతే ఊరు దాటిపోతాం."

"దాటనీ," అన్నాడు మాస్టారు.